చూపునాచు

కొల్లేట్లో చేప ఎక్కడ పడిందని అడిగితే నిజం చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పొద్దున్నే దోనె నిండా కొర్రమీనుతో ఒడ్డుకొచ్చిన మనిషి, తూర్పున పట్టి ఉంటే చెయ్యి పడమరకు చూపిస్తాడు. మరీ ఇరికిస్తే ఇవాళ అసలేం పడలేదంటాడు, కాళ్ళ దగ్గర చేపలు ఎగిరెగిరి పడుతుండగానే. అడిగినవాడు ఆ మాట నమ్మడు, నమ్ముతాడని చెప్పినవాడూ అనుకోడు. ఇద్దరూ చెరో బీడీ వెలిగించుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

జమ్ములంకలో పుట్టి పెరిగిన వీరవేణికి ఈ సంగతి పాలతోపాటే వంటబట్టింది. అందుకే డాక్టరేటు పూర్తిచేసి ఏలూరు కాలవ గట్టు మీది చిన్న పరిశోధనశాలలో చేరాక, సరస్సులో చేప ఎక్కడుందో కనిపెట్టడానికి ఆవిడ మనుషుల్ని నమ్ముకోలేదు. నాచును నమ్ముకుంది.

ఆరేళ్ళు పట్టింది. చివరికి ఒకరోజు డైరెక్టరు భానుమూర్తిగారిని పెద్ద గాజుతొట్టి దగ్గరకు తీసుకొచ్చింది. తొట్టి చుట్టూ నల్లగుడ్డ కప్పి ఉంది. నీళ్ళలో ఆవగింజంత పచ్చటి గింజలు వేలకొద్దీ తేలుతున్నాయి.

“లోపల ఒక కొర్రమీను ఉందండి. ఎక్కడుందో గుడ్డ తియ్యకుండా చెప్తాను,” అంది.

పక్కనున్న తెర మీద ఒక మూల ఆకుపచ్చ చుక్క వెలిగింది. భానుమూర్తి ఆ మూల గుడ్డ ఎత్తి చూశారు. మోచేతి పొడవు కొర్రమీను కదలకుండా ఆయన్నే చూస్తోంది. ఆయన గుడ్డ దించారు. చుక్క మెల్లగా ఇటు చివరకు జరిగింది. మళ్ళీ ఎత్తారు. చేప అక్కడే ఉంది.

“ఒంటి జిగురు వదలకుండా ఏ చేపా ఈదలేదండి. ఆ జిగురు రుచి తగలగానే గింజ వెలుగుతుంది. మన కంటికి ఆనదు గానీ పక్క గింజకు ఆనుతుంది. అలా ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతూ గట్టు మీద పెట్టిన స్తంభం దాకా వస్తుంది. ఏ వెలుగు ఏ చేపదో చదివే పట్టిక నేను తయారుచేశాను.”

“దీనికి తిండి?”

“ఎండ చాలండి.”

“ఎన్నాళ్ళు బతుకుతుంది?”

“చావదండి. తనకు తనే పెరుగుతుంది.”

భానుమూర్తి నెమ్మదస్తుడు. అడగాల్సింది అడిగేముందు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఆయన అలవాటు. “అంటే ఒకసారి చల్లితే మళ్ళీ ఏరుకోలేమన్నమాట,” అన్నారు.

“ఏరుకోవాల్సిన అవసరం ఏముంటుందండీ?” అంది వీరవేణి. ఆ రోజు ఆమెకు అది నాచు గొప్పతనంగానే తోచింది.

ఆమె తొందరకు ఒక కారణం ఉంది. ఆమెకు ఏడేళ్ళప్పుడు, దగ్గర్లో చేప దొరక్క దూరం పోయిన తండ్రి గాలివానలో చిక్కుకున్నాడు. మూడో రోజు గుర్రపుడెక్క కింద దొరికాడు. చేప ఎక్కడుందో ముందే తెలిసుంటే నాన్న అంత దూరం పోయేవాడు కాదు కదా అన్న ఆలోచన ఆమెతోపాటే పెరిగి పెద్దదైంది. చదివిన ప్రతి పుస్తకం, రాసిన ప్రతి పరీక్షా దాని కోసమే.

నాచును సరిచూసుకోవడానికి మనుషుల మాట కూడా కావాలి. సరస్సులోని పదకొండు లంకల్లో మనుషులను పెట్టి, ఏ మడుగులో ఏం దొరుకుతుందో అడిగించి రాయించింది. జమ్ములంకకు మాత్రం తనే పోయింది. నలభై రెండు గడపలూ ఎక్కింది. ఒకడు గొప్ప మడుగన్నదాన్ని ఇంకొకడు గొడ్డు మడుగన్నాడు. ఊరంతా నోటికొచ్చింది చెప్తుంటే ఆమె నవ్వుకుంటూ రాసుకుంది.

వరదయ్య పెదనాన్న అరుగు మీద కూర్చుని మావు అల్లుతున్నాడు. మావు అంటే వెదురు పుల్లల బుట్ట. లోపలికి దూరిన చేప మళ్ళీ బయటకు రాలేదు. లంకలో అందరికంటే పెద్దవాడు ఆయనే.

“పెదనాన్నా, పాములమడుగు సంగతేంటి?”

వరదయ్య పుల్ల వంచుతూ ఆగాడు. తలెత్తి ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. “అక్కడేవుందమ్మా. ఉత్త బురద. పాములు,” అని మళ్ళీ అల్లికలో పడ్డాడు.

ఆ మాట ఆయన ఒక్కడే కాదు, నలభై రెండు గడపల్లోనూ అన్నారు. బురద, పాములు. చిన్నప్పుడు అమ్మ కూడా అదే చెప్పి బెదిరించేది. ఏ విషయంలోనూ ఒక్కమాట మీద నిలబడని ఊరు ఈ ఒక్క దాని మీద నిలబడిందంటే, తాతల నాటి భయం ఎంత గట్టిదో కదా అనుకుంది వీరవేణి.

ఆషాఢం వానలకు నాచు చల్లారు. లంకలో జనం గట్టు మీద చేరి, చేపలకు తిండి వేస్తున్నావా మందు వేస్తున్నావా అని వేళాకోళమాడారు. శాస్త్రంలో దానికి పెట్టిన పేరు జానెడు పొడవుంది. వాళ్ళు ఒక్క పూటలో దాన్ని చూపునాచు చేసేశారు. కార్తీకం నాటికి సరస్సంతా పట్టింది. తెర మీద కొల్లేరు మొత్తం మొదటిసారి వెలిగిన రోజు వీరవేణికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అందులో అన్నిటికంటే పచ్చగా వెలిగింది పాములమడుగు. అక్కడ కొర్రమీను కిక్కిరిసి ఉంది. నివేదికలో ఆమె ఇలా రాసింది: “స్థానికుల భయం వల్ల ఇంతకాలం వాడుకలోకి రాని చోటు. చూపునాచు వల్ల మొదటిసారి వెలుగులోకి వచ్చింది.” రాసి, చదువుకుని, మురిసిపోయింది కూడా.

ప్రయోగంగా ఇరవై పడవలవాళ్ళ ఫోన్లలో ఆ పటం పెట్టారు. పది జమ్ములంకవి, పది సరస్సు గట్టు మీది ఊళ్ళ మోటారు పడవలు. లంకకు పోయి పటం చూపించినప్పుడు, పాములమడుగు మీద పచ్చటి మచ్చ చూసి మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది మెచ్చుకోలు అనుకుంది వీరవేణి.

ఐదో రోజు మళ్ళీ వెళ్ళింది, అందరూ ఏమంటారో విందామని. రేవులో వరదయ్య కొడుకు చేపలు దించుతున్నాడు. ఆమెకంటే రెండేళ్ళు చిన్నవాడు, చిన్నప్పుడు ఆమె చేత మొట్టికాయలు తిన్నవాడు.

“ఏరా, ఎక్కడ పడ్డాయి?” అంది, పడమరకు చూపిస్తాడా ఉత్తరానికి చూపిస్తాడా అని నవ్వుతూ.

“రెండో కాలవ మలుపులో పడ్డాయండి. జమ్ము దుబ్బు పక్కన, కుడి చేతివైపు,” అన్నాడు వాడు. ఆమె పొద్దున తెర మీద చూసి వచ్చింది, అక్షరాలా నిజం. “మీకెలాగూ తెలుస్తాది కదండీ,” అని తట్ట ఎత్తుకుని పోయాడు.

ఆ అండీ ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. పుట్టి బుద్ధెరిగిన ముప్పై ఏళ్ళలో జమ్ములంక ఆమెతో నిజం చెప్పడం ఇదే మొదటిసారి. అలా నిజం చెప్పేది ఫారెస్టు వాళ్ళకీ, పోలీసులకీ, దాచి లాభం లేని పరాయివాళ్ళకి.

రేవు పక్కనే తాయారు కూర్చుని ఉంది. నిరుడు పిడుగు పడి మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల. పాతికేళ్ళు నిండాయో లేదో, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె ముందు విరిగిన మావులు నాలుగు పోగేసి ఉన్నాయి. మోటారు పంకాకు చిక్కి పుల్లలు నుజ్జయ్యాయి.

“ఏమైంది తాయారూ?”

“ఏం లేదు వేణక్కా. పిల్లల్ని తీసుకుని రొయ్యల షెడ్డుకి పోదామనుకుంటన్నా. అక్కడే ఉండనిత్తారంట. తెల్లార్లూ నీల్లలో నిలబడి తొక్క తియ్యాల.”

“మరి పిల్లల బడి?”

తాయారు మావు పుల్లలు ఒక్కొక్కటీ విడదీసి పొయ్యిలోకి పనికొచ్చేవి పక్కన పెడుతోంది.

వీరవేణి ఇంటికి పోయింది. తల్లి భూలోకమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. కూతుర్ని చూసి చాట పక్కన పెట్టింది, లేవలేదు.

“ఊళ్ళో ఏం జరిగిందమ్మా? తాయారు మావులు ఎవరు తొక్కించారు?”

“గట్టు మీదోళ్ళు పాములమడుగులో పడ్డారు. పది పడవలు. నాలుగు రోజులు అడుగుదాకా దేవి పట్టుకుపోయారు.”

“అక్కడ తాయారు మావులు ఎందుకున్నాయి?”

భూలోకమ్మ కూతురి మొహంలోకి చూసింది. “నీకు నిజంగానే తెల్దన్నమాట,” అంది.

అప్పుడు చెప్పింది. పడవ మీద మగాడు లేని ఇంటికి జమ్ములంకలో వదిలేసిన మడుగు అది. ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు. మొగుడు పోయిన పదకొండోనాడు ఊళ్ళో పెద్దవాడు, ఎవరూ చూడకుండా, ఒక మావు తెచ్చి ఆ ఇంటి చూరు కింద పెడతాడు. మాటా పలుకూ ఉండదు. ఆ ఆడమనిషి జమ్ము గడ్డి కోసుకొస్తానని చెప్పి దోనె తీస్తుంది, కోసిన జమ్ము కింద చేప దాచుకుని వస్తుంది. దారిలో ఎదురైన మగాళ్ళు ఆ దోనె వంక చూడరు. ఎవరైనా అడిగితే బురదంటారు, పాములంటారు. పెట్టేవాడు పెట్టాననకూడదు, తినేవాళ్ళు తింటున్నామనకూడదు. బిడ్డ చేతికందగానే ఆ మనిషే మావు తీసేసుకోవాలి. ఆ చోటు ఇంకొకరికి పనికొస్తుంది కదా.

“మనకి రోజూ పెదనాన్న చేపలు పడేసి పోతున్నాడని చెప్పేదానివి,” అంది వీరవేణి.

“చిన్నపిల్లల నోట ఆగుతాదా? అందుకని అలా చెప్పా. నువ్వు నిద్ర లేచేలోపే పోయొచ్చేదాన్ని. నీకు స్కాలర్‌షిప్పొచ్చిన నెల మావు తీసేశా.” చూరు వైపు చూపించింది. నల్లబడిన పాత మావు అక్కడే వేలాడుతోంది. వీరవేణి ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే. అందులో పిచికలు గూడు పెట్టుకున్నాయి.

“మరి పటం చూపించినప్పుడు పెదనాన్నయినా ఆపొచ్చు కదా. నలభై రెండు గడపల్లో ఒక్కరైనా చెప్పొచ్చు కదా.”

“ఏమని చెప్తారే? దాన్ని తిని పెరిగిన పిల్లవి, నీకు తెలీదని ఎవరనుకుంటారు? అన్నీ తెలిసే చేసిందనుకున్నారు. పై చదువులు చదివింది, మనకి తెలీని ఎత్తేదో ఉండుంటాదిలే అనుకుని నోరు మూసుకున్నారు. నేనూ అలాగే అనుకున్నా.”

వీరవేణి గడప మీద కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. తను తిన్న ప్రతి ముద్దా, కట్టుకున్న ప్రతి గౌనూ, ఏలూరు హాస్టల్‌కి పట్టుకెళ్ళిన ట్రంకుపెట్టె, అన్నీ ఆ మడుగు పెట్టినవే. దాని గురించి తను రాసింది ఏమిటి? వాడుకలోకి రాని చోటు. భూలోకమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కాసేపటికి లేచి అన్నం పెట్టింది.

మర్నాడు పరిశోధనశాలలో వీరవేణి యంత్రాన్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది. అడిగిన మనుషులంతా ఏమీ లేదని ఏకమాటగా చెప్పి, నాచు మాత్రం ఉందన్న చోట్లు ఎన్ని?

పదకొండు చుక్కలు వెలిగాయి. లంకకొకటి.

ఒక్కో లంక జవాబులు తీసి చదివింది. ఒకచోట ఊబి, దిగినవాడు రాడు. ఒకచోట దెయ్యం. ఒకచోట నీళ్ళు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. పొలిమేర తగాదాతో ముప్పై ఏళ్ళుగా పిల్లనిచ్చి పుచ్చుకోవడం కూడా మానేసిన రెండు లంకలున్నాయి. ఆ లంకవాళ్ళని ఈ లంక మడుగు గురించి అడిగితే వాళ్ళూ ఊబనే చెప్పారు. వీళ్ళని అడిగితే, పగవాళ్ళ మడుగులో దెయ్యముందనే చెప్పారు. ఇన్ని వేలమంది, ఇన్ని తరాలు, ఒక్కరూ నోరు జారలేదు. ప్రయోగం ముగిసి పటం అందరికీ ఇచ్చేది ఇంకో పదిహేను రోజుల్లో. ఆమె ఆరేళ్ళ శ్రమ ఆ పదకొండూ తీసుకెళ్ళి సరస్సు చుట్టూ ఉన్న ప్రతి ఫోనులో పెట్టబోతోంది.

నాచును వెనక్కి పిలవడం కుదరదు. భానుమూర్తిగారు ఆ రోజే అన్నారు. అది నీళ్ళలో ఉన్నంతకాలం చూస్తూనే ఉంటుంది, చూసింది చెప్తూనే ఉంటుంది. దానికి దాచడం తెలియదు. నాచుకూ మనుషులకూ మధ్య ఉన్నది ఆమె రాసిన పట్టిక ఒక్కటే.

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. వీరవేణి పట్టిక తెరిచింది. ఆరేళ్ళలో ఒక్క అంకెను కూడా తనకు కావాల్సినట్టు మార్చుకోలేదు. అలా మార్చిన ఒక కుర్రాణ్ణి పనిలోంచి తీయించింది కూడా. అది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. పొయ్యిలోకి పనికొచ్చే పుల్లలు ఏరుకుంటున్న తాయారు కళ్ళముందు మెదిలింది. ఆ పదకొండు చోట్లా కొర్రమీను వెలుగు కనిపిస్తే, కుళ్ళిన ఆకు వెలుగని చదవమని రాసింది. ఏమీ లేదు అని తెర మీద పడింది. అన్నం వేళకు పని అయిపోయింది.

భానుమూర్తి సవరించిన పటాన్ని రెండు రోజులు చూశారు. మూడో రోజు పిలిచారు.

“ఈ పదకొండు చోట్లా నాచు పట్టలేదా?”

“పట్టిందండి. నేనే చదవడంలో పొరబడ్డాను. బురదలో ఆకు కుళ్ళితే వచ్చే వెలుగును కొర్రమీను అనుకున్నాను.”

“అంటే మొదటి నివేదిక తప్పు.”

“తప్పండి. నా పేరు మీదే సవరణ వేస్తాను.”

“పట్టిక మీద నమ్మకం పోతుంది. వచ్చే ఏడు పెద్ద రిజర్వాయరు పని మనకు రావాల్సి ఉంది, అది నీ చేతికివ్వడం కష్టమవుతుంది. ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకున్నానండి.”

ఆయన కళ్ళజోడు తీశారు. తుడవడం మొదలుపెట్టారు. వీరవేణికి ఆ అలవాటు తెలుసు.

“ఒక్కటి అడుగుతాను. పాములమడుగులో మోటారు పడవలవాళ్ళు నాలుగు రోజులు వలలు లాగారని విన్నాను. బురద కోసం ఎవరూ నాలుగు రోజులు లాగరు కదా, వేణీ. అక్కడ ఏముంది?”

శాస్త్రం భాషలో చెప్పడానికి ఆమె దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. చేపలు ఆ ఏడు దారి తప్పి వచ్చాయనొచ్చు. వరద అనొచ్చు. కానీ నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు. ఈ గదిలో ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా వాడని జమ్ములంక మాట వచ్చింది.

“అక్కడేవుందండీ. ఉత్త బురద. పాములు.”

భానుమూర్తి తుడవడం ఆపారు. ఆయనకు ఏం అర్థమైందో, అసలు అర్థమైందో లేదో, ఆమెకు ఎన్నటికీ తెలియలేదు. కళ్ళజోడు పెట్టుకుని పటం కింద సంతకం చేశారు. సవరణ ఆమె పేరుతోనే అచ్చయింది. రిజర్వాయరు పని ఇంకొకరికి పోయింది. సభల్లో ఆమె పేరు చెప్పినప్పుడు, ఆ బురద సంగతి కదూ అని నవ్వేవాళ్ళు తయారయ్యారు. మొదట్లో రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. తర్వాత పట్టింది. నాచు మాత్రం చావలేదు. ఏ నాటికో ఇంకొకరు కొత్త పట్టిక పట్టుకుని వస్తారని ఆమెకు తెలుసు. అప్పటికి వాళ్ళకు ఏది చూపకూడదో చెప్పేవాళ్ళు ఎవరైనా ఉండాలి.

తాయారు రొయ్యల షెడ్డుకు పోలేదు. భూలోకమ్మ పోనివ్వలేదు. వానలు పడేదాకా పిల్లలిద్దరూ తన కంచంలోనే తింటారని తేల్చి చెప్పింది. పిచిక పిల్లలు ఎగిరిపోయాక చూరు మీది పాత మావు దించి, వదులైన కట్లు కొత్త తాటినారతో బిగించి తాయారు ఇంటి చూరు కింద పెట్టి వచ్చింది. ఎవరూ చూడలేదు. అంటే అందరూ చూశారని అర్థం.

శ్రావణంలో వరద వచ్చింది. జమ్ము దుబ్బులు కొట్టుకుపోయి కొత్తచోట్ల మొలిచాయి, దారులన్నీ మారిపోయాయి. గట్టు మీదివాళ్ళు కొన్నాళ్ళు పాములమడుగు కోసం తిరిగారు. ఫోను చూసుకుంటూ పోయినవాళ్ళు కదా, ఆ ఫోనులో ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. లంకవాళ్ళను అడిగితే ఆ ఏడు ఏదో చేపలు వచ్చాయిలెండి, ఇప్పుడు పాములు మరీ ఎక్కువయ్యాయన్నారు. ఒకడు కాటు పడ్డ కాలు కూడా చూపించాడు, అది తుమ్మముల్లు గాయం. గట్టువాళ్ళు విసుగెత్తి మానుకున్నారు.

భాద్రపదంలో ఒక ఆదివారం వీరవేణి అమ్మను చూడ్డానికి వచ్చింది. పడవ దిగుతుంటే తాయారు దోనె రేవుకు వస్తోంది. దోనెలో పచ్చి జమ్ము మోపులు. తాయారు గెడ ఆపి నిలబడింది. మోపుల కింద ఏదో టపటపా కొట్టుకుంది. ఒక నల్లటి తోక జమ్ములోంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

వీరవేణికి అడగాలంటే భయం వేసింది. ఊరు ఇంకా తనకు నిజమే చెబుతుందేమో. అయినా అడిగింది.

“ఎక్కడ పడ్డాయి తాయారూ?”

తాయారు ఆమె కళ్ళలోకి తిన్నగా చూసింది. తర్వాత చెయ్యెత్తి, పాములమడుగుకు సరిగ్గా ఎదురుదిక్కున, చేప పిల్ల కూడా దొరకని తూర్పుగట్టు వైపు చూపించింది.

“అదుగో, అటేపు వేణక్కా.”

వీరవేణి తూర్పువైపు తిరిగి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆ సమయం సరిపోయింది.

“అటే బాగా పడతన్నాయన్నమాట,” అంది.